సంక్షేమ పథకాల్లో మోసానికి సందు లేకుండా చూడడం ఎలా: ఒడిశా సరిహద్దు జిల్లాల తెలుగువారికి

గంజాం, గజపతి, రాయగడ, కోరాపుట్ జిల్లాల్లోని తెలుగు పల్లెల నుంచి సర్పంచులుగా, వార్డు సభ్యులుగా ఎన్నికైనవారికి, మహిళా సంఘాలను నడిపేవారికి, బ్లాకు కార్యాలయాల్లో కంప్యూటరు ముందు కూర్చునే యువతకు పనికివచ్చే విధంగా ఈ మార్గదర్శిని రాస్తున్నాను. పథకంలో మోసం జరిగిందన్న మాట చెవిన పడగానే మన చూపు కార్డు పట్టుకుని వరుసలో నిలబడిన మనిషి మీదికి పోతుంది. దొంగ కార్డు ఎవరిది, చనిపోయినవారి పింఛను ఎవరు తింటున్నారు అన్న వెతుకులాట మొదలవుతుంది. ఆ వెతుకులాట అనవసరమని అనను. కానీ సరుకూ సొమ్మూ ఎక్కువగా జారిపోయేది కౌంటరుకు అవతలి వైపున, అంటే గోదాములో, స్టాకు రిజిస్టరులో, పాస్‌వర్డు చేతులు మారే చోట. కనుక ఎవరు మోసం చేశారని అడగడానికి ముందు, ఈ పద్ధతిలో మోసం చేయడానికి ఎక్కడెక్కడ వీలుందని అడగాలి. వేసే ప్రతి అడ్డుకట్ట వల్ల ఎంతమంది అర్హులు బయట పడిపోతారన్న లెక్కను కూడా అదే కాగితం మీద రాసుకోవాలి; ఆ రెండో లెక్క రాయని ప్రణాళికను నేనైతే ఆమోదించను.

నష్టం ఏ రకమో ముందు తేల్చుకోవాలి

నష్టం మూడు రకాలుగా జరుగుతుంది. లేని మనిషి పేరు మీద, లేదా ఒకే మనిషి పేరును రెండుసార్లు రాసి తీసుకునేది గుర్తింపు మోసం. మనిషి ఉన్నాడు గానీ నిబంధన ప్రకారం అర్హత లేదంటే అది అర్హత మోసం. మనిషీ ఉండి, అర్హతా ఉండి, చేతికి వచ్చేది మాత్రం తక్కువైతే అది తూకం మోసం. బియ్యంలో రెండు కిలోలు తగ్గించడమైనా, పింఛనులో వంద రూపాయలు మిగుల్చుకోవడమైనా అదే కోవలోకి వస్తుంది. ఈ మూడింటికీ మందు ఒకటే అనుకోవడం వల్లనే చాలా సంస్కరణలు వట్టిపోయాయి. వేలిముద్ర యంత్రం మొదటిదాన్ని ఆపగలదు. రెండోదానితో దానికి సంబంధమే లేదు, ఎందుకంటే భూస్వామి వేలిముద్ర కూడా సక్రమంగానే పడుతుంది. మూడోదాని విషయంలో అది మేలు చేయకపోగా, పూర్తి కోటా ముట్టినట్టు వేలిముద్రతో సహా సాక్ష్యాన్ని తయారుచేసి డీలరు చేతిలో పెడుతుంది.

అందుచేత మీ పంచాయతీలో మొదట చేయవలసిన పని, ఒక బియ్యం బస్తా గోదాము నుంచి ఒక ఇంటి వసారా దాకా ఎలా వస్తుందో కాగితం మీద గీయడం. చేతులు మారే ప్రతిచోటా మూడు విషయాలు రాయండి: ఎవరు ఇస్తున్నారు, ఎవరు సంతకం పెడుతున్నారు, తక్కువైతే ఆ తేడా ఎవరి కంట పడుతుంది. సంతకం పెట్టే చెయ్యీ, తక్కువైతే లాభపడే చెయ్యీ ఒకటే అయిన చోట సందు ఉన్నట్టు. ఎవరి కంటా పడని చోట అంతకన్నా పెద్ద సందు ఉన్నట్టు.

ఇలా గీసినప్పుడు తరచుగా బయటపడేది దుకాణం ముందు లారీ ఆగిన అరగంట. బస్తా మీద 50 కిలోలని ఉంటుంది, కాటా వేయకుండానే దించుతారు, డీలరు చలానా మీద సంతకం పెట్టేస్తాడు. తరువాత ఎవరైనా అడిగితే, "నాకే తక్కువొచ్చింది తల్లీ, నేనెక్కడి నుంచి తెచ్చి పోసేది?" అంటాడు. చాలాసార్లు అది నిజమే కావచ్చు కూడా. జాతీయ ఆహార భద్రతా చట్టం 2013లోని 12వ సెక్షను సరుకును దుకాణం గుమ్మం దాకా చేర్చే పద్ధతిని సంస్కరణల్లో ఒకటిగా పేర్కొన్నది గానీ, గుమ్మం ముందు తూచాలన్న అలవాటును మనమే ఏర్పరచుకోవాలి. దించేటప్పుడు మహిళా సంఘం నుంచి ఇద్దరు సభ్యులు నిలబడి, చీటీ వేసి ఎంపికచేసిన ఐదు బస్తాలను కాటా మీద పెట్టించి, గోనె బరువు తీసివేసి, వచ్చిన బరువును చలానా మీదే రాయించి డ్రైవరు చేత సంతకం చేయించాలి. ఏ బస్తాలు తూస్తారో ముందే తెలియకపోవడమే ఇందులోని కీలకం.

పేరు, పెళ్లి, రాష్ట్రం: నమోదు దగ్గరి చిక్కులు

మన జిల్లాల్లో నమోదు సమస్య మిగతా చోట్ల ఉన్నట్టుగా ఉండదు. తెలుగు ఇంట్లో ఇంటిపేరు ముందు వస్తుంది. ఒడియా రికార్డులో చివరికి పోతుంది. వెంకటరావు ఒడియా అక్షరాల్లో 'భెంకట రావు' అవుతాడు, ఆ ఒడియా నుంచి ఇంగ్లీషులోకి ఎక్కించిన ఆపరేటరు 'భ' అక్షరానికి తగ్గట్టే స్పెల్లింగు రాస్తాడు. అదే మనిషి విశాఖపట్నంలో కూలికి వెళ్లినప్పుడు ఆధార్ తీయించుకుంటే అక్కడ 'వ' తోనే ఉంటుంది. ఇప్పుడు పేర్లను పోల్చే కంప్యూటరుకు వీరు ఇద్దరు. ఒక జాబితాలో రెండుసార్లు ఉన్నా పట్టుకోలేదు, రెండు జాబితాల్లో ఒక్కడే ఉన్నా పేరు కలవలేదని పింఛను ఆపేస్తుంది. ఒకే లోపం బోగస్‌ను లోపలికి రానిస్తుంది, అసలు మనిషిని బయటికి నెడుతుంది.

కాబట్టి పేరును తాళంచెవిగా వాడకూడదు. పుట్టిన తేదీ మీద కూడా పూర్తిగా ఆధారపడలేము, ఎందుకంటే తేదీ తెలియని పెద్దవారిలో చాలామందికి ఆధార్‌లో జనవరి 1 అని పడి ఉంటుంది. ఆధార్ సంఖ్య, కుటుంబ సభ్యుల వరుస, ఊరు, ఈ మూడూ కలిసినప్పుడు పేరులోని అక్షరాల తేడాను యంత్రం క్షమించాలి; కలవనప్పుడు తానే కొట్టివేయకుండా ఆ వరుసను పంచాయతీ కార్యనిర్వహణాధికారి పరిశీలనకు పంపాలి. నమోదు పత్రంలో "ఇతర పత్రాల్లో మీ పేరు ఎలా ఉంది" అని రెండు ఖాళీ గడులు చేర్చడం పైసా ఖర్చు లేని పని. డేటా ఎంట్రీ చేసే పిల్లల్లో ఒక్కరికైనా తెలుగు చదవడం వచ్చి ఉంటే ఈ బాధలో సగం నమోదునాడే తీరిపోతుంది.

ఇక పెళ్లిళ్ల సంగతి. ఇచ్ఛాపురం అమ్మాయి బరంపురానికి కోడలుగా వస్తుంది, పాతపట్నం నుంచి పర్లాకిమిడికి సంబంధం కుదురుతుంది. ఆమె పేరు ఆంధ్రప్రదేశ్‌లోని పుట్టింటి బియ్యం కార్డులో అలాగే ఉంటుంది, ఇక్కడ అత్తింటి కార్డులో కొత్తగా చేర్చమని దరఖాస్తు పెడతారు. అక్కడ తొలగించినట్టు పత్రం తెమ్మని ఇక్కడివారు, ఇక్కడ చేరినట్టు రుజువు తెమ్మని అక్కడివారు అంటుంటే ఆమె ఏ కార్డులోనూ లేకుండా నెలలు గడుస్తాయి, లేదా రెంటిలోనూ ఉండిపోతుంది. తొలగింపు, చేర్పు అన్నవి రెండు దరఖాస్తులుగా ఉన్నంతకాలం ఈ చిక్కు తప్పదు. ఆమె ఇక్కడ పెట్టే ఒకే దరఖాస్తులో పాత కార్డు సంఖ్య రాస్తే, ఇక్కడ చేరిన రోజే అక్కడ ఆగిపోయే విధంగా రెండు రాష్ట్రాల పౌర సరఫరాల శాఖలు ఏర్పాటు చేసుకోవాలి. ఒకే దేశం ఒకే రేషన్ కార్డు పద్ధతి 2019 ఆగస్టులో ఆంధ్రప్రదేశ్–తెలంగాణ, మహారాష్ట్ర–గుజరాత్ జంటలతో మొదలై 2022 జూన్ నాటికి దేశమంతటా వచ్చింది కనుక, సరుకు ఎక్కడైనా తీసుకోగల వీలు ఇప్పటికే ఉంది. కార్డునే మార్చుకోవలసినప్పుడు మాత్రం దారి ఇంకా గజిబిజిగానే ఉంది. పెళ్లయిన వెంటనే పేరు మార్పు కుదరకపోతే, వలస వచ్చినవారు వాడుకున్నట్టే, పాత కార్డు మీద ఇక్కడి దుకాణంలో ఆమె వాటా తీసుకోవచ్చన్న సంగతి చెప్పేవారు కూడా తక్కువ. ఈ పద్ధతికి సహాయ సంఖ్య 14445.

కొటియా విషయం వేరే స్థాయిది. కోరాపుట్ జిల్లా పొట్టంగి బ్లాకులోని ఆ 21 గ్రామాలను రెండు రాష్ట్రాలూ తమవంటున్నాయి. వివాదం 1968లోనే సుప్రీంకోర్టుకు వెళ్లింది. 2021లో ఆంధ్రప్రదేశ్ అక్కడి కొన్ని ఊళ్లలో పంచాయతీ ఎన్నికలు కూడా జరిపింది. రెండు ప్రభుత్వాలూ పోటీపడి ఇంటికి వచ్చి కార్డులిచ్చిన చోట, వాటిని తీసుకున్న కోదు రైతును మోసగాడనడం అన్యాయం. అక్కడ తేల్చవలసింది ప్రభుత్వాలే: కేంద్ర చట్టం కింద వచ్చే ధాన్యం ఒక మనిషికి ఒకసారే, రాష్ట్రాల సొంత పథకాల్లో ఏది ఎంచుకోవాలో ఆ కుటుంబం ఇష్టం, ఎంచుకునేదాకా ఏదీ ఆగదు. ఇటువంటి స్పష్టమైన వాక్యం ఒకటి ఉత్తర్వులో ఉంటే కింది ఉద్యోగికి దాడులు చేయవలసిన పని ఉండదు.

రెండు జాబితాలను పోల్చవలసి వచ్చినప్పుడు

పింఛన్లలో ఇది తప్పదు. ఆంధ్రప్రదేశ్‌లో వృద్ధాప్య పింఛను 2024 జూలై నుంచి నెలకు 4000 రూపాయలు, నెల మొదట్లో ఇంటి దగ్గరే ఇస్తారు. ఒడిశాలో మధుబాబు పింఛను సాధారణంగా 1000 రూపాయలు, 80 ఏళ్లు దాటినవారికీ తీవ్ర వైకల్యం ఉన్నవారికీ 2025 నుంచి 3500. ఆనవాయితీగా 15వ తేదీన పంచాయతీలో పంచుతారు. ఇంత తేడా ఉన్నప్పుడు, తేదీలు కూడా వేర్వేరుగా ఉన్నప్పుడు, అటు బంధువుల ఇంట చిరునామా పెట్టుకోవాలన్న కోరిక పుట్టడంలో వింత లేదు. తేడా ఎక్కడ ఎక్కువగా ఉంటుందో ఒత్తిడి అక్కడ ఉంటుంది. తనిఖీ సిబ్బందిని కూడా అక్కడే ఎక్కువగా ఉంచాలి, అన్ని బ్లాకులకూ సమానంగా పంచి పెట్టనక్కరలేదు.

పోల్చడానికి ఒక రాష్ట్రం తన జాబితాను మొత్తంగా మరో రాష్ట్రానికి అప్పగించకూడదు. ఆధార్ సంఖ్యలను సంకేతాలుగా మార్చి, సంకేతాలనే పోల్చి, కలిసినవాటిని మాత్రమే విప్పాలి. సాంకేతిక పని చేసేవారికి ఇక్కడ ఒక హెచ్చరిక: ఆధార్ 12 అంకెలదే కనుక మామూలు హ్యాష్ చేసి (లెక్కసూత్రంతో సంకేతంగా మార్చి) పంపితే సరిపోదు, సాధారణ కంప్యూటరు కూడా సాధ్యమైన సంఖ్యలన్నిటినీ వరుసగా ప్రయత్నించి అసలు సంఖ్యలను బయటికి లాగగలదు. రెండు శాఖలకూ మాత్రమే తెలిసిన రహస్య తాళంతో కలిపి హ్యాష్ చేయాలి, పోలిక పూర్తయ్యాక ఆ తాళాన్ని నాశనం చేయాలి. పోలికలో దొరికిన పేరు అనుమానం మాత్రమే. దాని మీద పింఛను ఆపకూడదు, మనిషి ఇంటికి వెళ్లి చూడాలి.

ధర తేడా పుట్టించే మోసానికి మరో ఉదాహరణ వరి ధాన్యం. 2024–25 ఖరీఫ్‌లో సాధారణ రకానికి కేంద్ర మద్దతు ధర క్వింటాలుకు 2300 రూపాయలుండగా ఒడిశా ప్రభుత్వం 800 కలిపి 3100 ఇచ్చింది. గట్టు ఇవతల 3100, అవతల 2300 అయినప్పుడు అవతలి ధాన్యం ఇవతలి మండీకి రావాలని చూస్తుంది. దారిలో చెక్‌పోస్టు పెట్టడం అందరికీ తోచే మార్గమే, కానీ పొలం గట్లకు చెక్‌పోస్టు ఉండదు. ఎకరానికి ఇంత దిగుబడి అన్న పరిమితిని మండీలో అమ్ముకోవడానికి రైతుకిచ్చే టోకెన్‌లోనే లెక్కగట్టడం, నమోదైన భూమిలో నిజంగా వరి ఉందో లేదో కోతకు ముందే చూడడం అంతకన్నా పనికివస్తాయి. ఈ అడ్డుకట్ట మొదట తగిలేది కౌలు రైతుకు. యజమాని సమ్మతి పత్రం ఇవ్వకపోతే కౌలుదారు తన పంటను యజమాని పేరు మీద అమ్ముకుంటాడు. కాగితం మీద అది అబద్ధం, నేల మీద నిజం. నిబంధన నిజాయితీపరుణ్ణి అబద్ధం ఆడేలా చేస్తున్నదంటే దిద్దవలసింది నిబంధనను. సమ్మతి పత్రానికి బదులు ఇరుగుపొరుగు రైతులిద్దరి సాక్ష్యంతో పల్లిసభ (ఊరి ఓటర్ల సభ) ఇచ్చే ధ్రువీకరణ చెల్లాలి.

అర్హత ప్రశ్నలను ఎలా రాయాలో కూడా ఇక్కడే చెప్పుకోవాలి. మహారాష్ట్రలో 2024లో వచ్చిన లాడ్కీ బహీణ్ పథకం 21 నుంచి 65 ఏళ్ల మహిళలకు నెలకు 1500 రూపాయలిచ్చేది. మహిళల పథకంలోనే వేల సంఖ్యలో పురుషుల పేర్లు ఉన్నాయని ఏడాది తరువాత తేలింది; 2025 జూన్ నుంచి సుమారు 26 లక్షల మందికి చెల్లింపులు ఆపారు. సొంత ఖాతా లేక భర్త ఖాతా సంఖ్య ఇచ్చిన ఇల్లాళ్లు ఆ పురుషుల పేర్ల వెనుక ఎందరుంటారో ఊహించవచ్చు. దరఖాస్తు తీసుకునే క్షణంలోనే ఖాతాదారు పేరు, దరఖాస్తుదారు పేరు వేరైతే ముందుకు పోకుండా ఆపి, ఖాతా తెరిపించి ఉంటే ఆ పేచీయే పుట్టేది కాదు. ఒడిశా సుభద్ర పథకం 2024 సెప్టెంబరు 17న మొదలైనప్పుడు దరఖాస్తు పెట్టే మహిళ ఒక్కరి పేరు మీదే ఉన్న, ఆధార్‌తో జతపడిన ఖాతా కావాలని నిబంధన పెట్టింది. ఈ ఒక్క విషయంలో దానిదే మెరుగైన పద్ధతి.

కౌంటరు దగ్గర

వేలు పెట్టమంటారు, యంత్రం కూస్తుంది, చీటీ వస్తుంది, చీటీని చించి పక్కన పడేస్తారు. తెలుగు ఇళ్లలోని పెద్దవాళ్లకు ఒడియా మాట వస్తుంది, చదవడం రాదు. చీటీ ఒడియాలోనో ఇంగ్లీషులోనో ఉంటే అది వారి దృష్టిలో ఉత్త కాగితం. దుకాణం తలుపు మీద మూడు భాషల్లో ఒక చార్టు ఉంటే చాలు: కార్డులో ఇద్దరుంటే 10 కిలోలు, ముగ్గురుంటే 15, నలుగురుంటే 20, అంత్యోదయ కార్డుకు మనుషులెందరైనా 35, ధర సున్నా. చీటీలో కిలోలు ఎక్కడ ఉంటాయో ఆ గడిని చార్టు మీద బొమ్మగా గీసి చూపించాలి. అంకెలు అందరికీ తెలుసు. కాటాను వేలిముద్ర తీసుకుని చీటీ ఇచ్చే ఈ-పోస్ యంత్రానికి జతచేసి, బరువు సరిపోయేదాకా చీటీ రాకుండా చేసే ఏర్పాటు తూకం మోసానికి నేరుగా తగిలే మందు. అది వచ్చేలోగా కాటా వినియోగదారు వైపు తిరిగి ఉండాలని పట్టుబట్టండి.

వేలిముద్ర తీసుకునే వేళా సరుకిచ్చే వేళా వేరు కాకూడదు. "ఇవాళ వేలు పెట్టి పో అమ్మా, సరుకు సోమవారం ఇస్తా" అన్న మాట ఎక్కడ వినబడినా అది సందే, అలవాటై పోయినా సందే.

డీలరు ఆదాయాన్ని లెక్కగట్టకుండా డీలరు నిజాయితీ గురించి మాట్లాడడం నాకు నచ్చదు. కేంద్ర నిబంధనల ప్రకారం సాధారణ రాష్ట్రాల్లో డీలరు కమీషను 2022 నుంచి క్వింటాలుకు 90 రూపాయలు, యంత్రం మీద అమ్మినదానికి మరో 21. దుకాణం కింద 300 కార్డులు, 1200 మంది ఉన్నారనుకుంటే నెలకు 60 క్వింటాళ్లు, అంటే 6660 రూపాయలు. అందులోంచే అద్దె, కరెంటు, హమాలీ. ఈ దుకాణం కమీషను మీదే బతకాలంటే చేతివాటం చూపక తప్పని స్థితిని మనమే కల్పిస్తున్నాం. ఒడిశాలో పంచాయతీలూ మహిళా సంఘాలూ నడిపే దుకాణాలు చాలా ఉన్నాయి. పంచాయతీ భవనంలో అద్దె లేకుండా చోటివ్వడం, హమాలీ ఖర్చు విడిగా చెల్లించడం, కమీషను ఏ నెలది ఆ నెలే ఇవ్వడం మోసాన్ని ఆపే చర్యలే.

యంత్రం ఒప్పుకోనప్పుడు

వేలిముద్ర వందకు రెండుసార్లు పడలేదనుకోండి. వినడానికి చిన్న సంఖ్యే. 300 కార్డుల దుకాణంలో అది నెలకు ఆరు కుటుంబాలు, అవి సాధారణంగా జీడితోటల్లో, రాళ్ల పనిలో చేతులు అరిగిపోయినవారివి. 2017 అక్టోబరు 24న కేంద్ర ఆహార శాఖ రాష్ట్రాలకు పంపిన ఉత్తర్వు ఆధార్ లేదనో వేలిముద్ర పడలేదనో ఎవరికీ సరుకు నిరాకరించరాదనీ, అలా ఇచ్చినవాటిని వేరే రిజిస్టరులో రాయాలనీ స్పష్టంగా చెప్పింది. ఆ రిజిస్టరు మీ దుకాణంలో ఉందా అని అడగండి. లేకుంటే తెరిపించండి. దాన్ని మోసానికి దొడ్డిదారి అనుకుని మూసేయడం సులువు. చేయవలసింది ప్రతి నెలా అందులోని పేర్లన్నిటినీ తిరిగి చూడడం. ఆరు పేర్లే కనుక ఒక పూట పని.

ఈ విషయంలో పొరుగు రాష్ట్రాల అనుభవం రెండు దారులు చూపిస్తుంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2010–12 మధ్య 157 మండలాల్లో ఉపాధి హామీ కూలికీ పింఛన్లకూ వేలిముద్రతో పనిచేసే స్మార్ట్‌కార్డులు తెచ్చినప్పుడు, ఆర్థికవేత్తలు మురళీధరన్, నీహౌస్, సుఖ్‌తంకర్ చేసిన పరిశీలనలో సొమ్ము జారిపోవడం గణనీయంగా తగ్గింది, డబ్బు త్వరగా అందింది, ఎవరూ బయట పడిపోలేదు. కార్డు లేనివారికి కూడా చెల్లింపు జరిపే దారిని మూసేయకపోవడం అక్కడి విశేషం. అదే ముగ్గురు జార్ఖండ్ రేషనులో ఆధార్ వేలిముద్రను పరిశీలించినప్పుడు మోసం తగ్గిన జాడ లేదు, ఆధార్ జతపడని కుటుంబాల సరుకు మాత్రం తగ్గింది. ఆ తరువాత 2017లో అక్కడ యంత్రంలోని అమ్మకాల లెక్కతో తరువాతి నెల కోటాను ముడిపెట్టారు. అప్పుడు జారిపోవడం నిజంగానే తగ్గింది గానీ, తగ్గిన ధాన్యంలో చెప్పుకోదగిన భాగం ప్రజల వాటాయే అయింది, ఎందుకంటే ఎప్పుడో పోయిన పాత సరుకు కూడా డీలరు దగ్గర ఉన్నట్టే లెక్కవేశారు.

స్టాకు లెక్కను కోటాతో ముడిపెట్టడం నిజానికి అన్నిటికన్నా బలమైన ఆయుధం. అయితే మొదలుపెట్టే రోజున దుకాణంలో ఉన్న బస్తాలను లెక్కబెట్టి, పాత తేడాను వేరే ఖాతాలో పెట్టి, ఆ రోజు నుంచే కొత్త లెక్క మొదలుపెట్టాలి. పాత తేడాను డీలరు నుంచి రాబట్టే పని విడిగా జరగాలి, కార్డుదారుల కోటా నుంచి కాదు. సరుకు అందక పోతే ఆహార భద్రతా భత్యం ఇవ్వాలని చట్టంలోని 8వ సెక్షను చెబుతున్నది. అడిగేవారు తక్కువ కనుక అది కాగితం మీదే మిగిలిపోయింది.

పేరు కొట్టివేసే ముందు

జాబితా నుంచి పేరు తీసేయడం ఒక్క నొక్కుతో అయిపోతుంది, తిరిగి చేర్చడానికి పది సంతకాలు కావాలి. ఈ రెంటినీ తిరగేయాలి. కొట్టివేతకు ముందు కారణం ఆ కుటుంబానికి చదవగల భాషలో రాతపూర్వకంగా అందాలి, జవాబుకు కనీసం ఒక నెల గడువుండాలి, ఆ నెలలో సరుకు ఆగకూడదు, పేరు పల్లిసభలో చదివి వినిపించాలి, కొట్టివేసే అధికారి పేరు రికార్డులో ఉండాలి. అన్యాయంగా కొట్టివేసినట్టు తేలితే వారం లోపల చేర్చి పాత బకాయితో సహా ఇవ్వాలి. కోరాపుట్, రాయగడల నుంచి విజయవాడ, హైదరాబాదు ఇటుక బట్టీలకు కుటుంబాలు వలస పోయే నెలల్లో ఇంటికి తాళం ఉంటుంది. ఆ నెలల్లో "ఇంట్లో లేరు" అన్న ఒక్క కారణంతో ఎవరినీ తీసేయకూడదు. మూడు నెలలు సరుకు తీసుకోలేదు కనుక బోగస్ అని లెక్కవేసే పద్ధతి మన జిల్లాలకు పనికిరాదు.

కార్యాలయం లోపలి సంగతులు

లోపలి మోసానికి మూలం తరచుగా ఒక చిన్న పరికరం. అధికారి డిజిటల్ సంతకం ఉన్న డాంగిల్ డేటా ఆపరేటరు సొరుగులో ఉంటుంది, పాస్‌వర్డు మానిటరుకు అంటించిన పసుపు కాగితం మీద ఉంటుంది. దరఖాస్తు ఎక్కించేదీ ఆమోదించేదీ ఒకే చెయ్యి అయినప్పుడు రెండు దశల తనిఖీ అన్నది పేరుకే. ఇందుకు అధికారులను నిందించి లాభం లేదు; రోజుకు నాలుగు వందల దరఖాస్తులు ఆమోదించాలని పై నుంచి ఒత్తిడి పెడితే ఎవరైనా డాంగిల్ ఇచ్చేస్తారు. ఆమోదాల సంఖ్యను మనిషి చదవగలిగినంతకు పరిమితం చేయాలి, చిన్న మార్పులకు అధికారి ఆమోదం అక్కరలేకుండా చేయాలి, ఖాతా సంఖ్య మార్పుకు మాత్రం అధికారి ఫోనుకే ఓటీపీ వెళ్లాలి. రాత్రి పదింటికి జరిగిన ఆమోదాలు, ఒకే ఖాతాకు మారిన రెండు పేర్లు, ఒకే ఫోను సంఖ్య మీద ఇరవై దరఖాస్తులు: ఈ మూడు నివేదికలు వారానికోసారి పై అధికారి బల్ల మీదికి తమంతట తామే రావాలి.

ఎవరూ చూడని సమాచారాన్ని పోగుచేయడం వల్ల ప్రయోజనం లేదు. ఉపాధి హామీ పనిచోట రోజుకు రెండుసార్లు ఫొటో తీయాలన్న నిబంధన వచ్చాక, ఫొటోకే ఫొటో తీసి పంపుతున్నారనీ, పనితో సంబంధం లేని బొమ్మలు ఎక్కుతున్నాయనీ 2025 జూలైలో కేంద్ర గ్రామీణాభివృద్ధి శాఖే రాష్ట్రాలకు రాసింది. లక్ష ఫొటోలు తీయించే బదులు, చీటీ వేసి తీసిన ఇరవై పనులను మనిషి స్వయంగా వెళ్లి చూడడం మేలు.

సొమ్ము ఖాతాలో పడ్డాక కూడా జారిపోయే చోటు ఒకటుంది: ఊళ్లోని బ్యాంకు సేవా కేంద్రం. బ్యాలెన్సు చూస్తానని వేలు పెట్టించి డబ్బు తీయడం మామూలు పద్ధతి. చీటీ లేకుండా వేలు పెట్టవద్దని మహిళా సంఘాల సమావేశంలో నెలనెలా చెప్పండి, వాడని రోజుల్లో బయోమెట్రిక్‌కు తాళం వేసే వీలు ఆధార్ యాప్‌లో ఉందని చూపించండి. ఆ తాళం గురించి 1947కు ఫోను చేసినా చెబుతారు. ఆధార్ ఆధారంగా వచ్చే సొమ్ము చివరగా జతచేసిన ఖాతాలోకి పోతుంది కనుక, "డబ్బు రాలేదు" అన్న ఫిర్యాదుల్లో కొన్ని మోసాలు కావు, మరచిపోయిన ఖాతాలు.

బయటి కన్ను

ఆహార భద్రతా చట్టంలోని 27వ సెక్షను రేషను రికార్డులన్నీ ప్రజల ముందుంచాలనీ, 28వది సామాజిక తనిఖీ జరపాలనీ, 29వది దుకాణం స్థాయి దాకా నిఘా కమిటీలు ఉండాలనీ చెబుతున్నాయి. కమిటీలో డీలరు బావమరిది ఉంటే కమిటీ ఉన్నా లేనట్టే. ఆంధ్రప్రదేశ్‌లో ఉపాధి హామీ సామాజిక తనిఖీని 2009లో ఒక ప్రత్యేక సంస్థకు అప్పగించారు. తనిఖీ చేసేవారు పనిచేయించిన శాఖకు చెందనివారు, ఆ ఊరివారు కానివారు, చాలామంది కూలి కుటుంబాల యువతే, తేలిన విషయాన్ని ప్రజావేదికలో అందరి ముందూ చదివేవారు. సొమ్ము తిరిగి రాబట్టడం ఆశించినంతగా జరగలేదు. అయినా మీ బ్లాకులో ఆ నమూనా నుంచి ఒక్కటి తీసుకోమంటే, పొరుగు పంచాయతీ వారితో తనిఖీ చేయించడం తీసుకోమంటాను.

సిబ్బంది లేనిచోట ఫోను సరిపోతుంది. 2018లో తెలంగాణ రైతుబంధు చెక్కులు పంచినప్పుడు కొన్ని మండలాల్లో రైతులకు ఫోను చేసి అడుగుతామని వ్యవసాయాధికారులకు ముందే తెలిపారు. ఆ ఒక్క మాటతోనే అక్కడ చెక్కులు ఎక్కువమందికి అందాయి, ఖర్చు నామమాత్రం. మన జిల్లాల్లో ఫోను చేసేవారికి తెలుగు, ఒడియా, వీలైతే సవర లేదా కువి వచ్చి ఉండాలి. ఎన్ని కిలోలు వచ్చాయి, డబ్బు తీసుకున్నారా, ఎన్నిసార్లు తిప్పించారు అన్న మూడు ప్రశ్నలు చాలు. జవాబిచ్చినవారి పేరు డీలరుకు చేరకూడదు. రేషను ఫిర్యాదుకు 1967 ఉంది గానీ, ఫిర్యాదు చేయడం కన్నా అడిగితే చెప్పడం మనవారికి తేలిక.

చివరగా, చనిపోయినవారి పేర్లు. అందరూ మొదట పట్టుకునేది ఇదే కనుక నేను చివరికి పెట్టాను. ఇంట్లో వృద్ధుడు పోతే పింఛను ఆగుతుందని తెలిసీ ఎవరు వెళ్లి నమోదు చేయిస్తారు? అదే కుటుంబానికి ఆ వారంలోనే అంత్యక్రియల సాయం కావాలి, ఒడిశాలో హరిశ్చంద్ర సహాయత ఉంది. పేద కుటుంబంలో 18 నుంచి 59 ఏళ్ల మధ్య సంపాదించే మనిషి పోతే జాతీయ కుటుంబ ప్రయోజన పథకం కింద 20,000 రూపాయలున్నాయి. భార్యకు వితంతు పింఛనుకు హక్కు అదే రోజు మొదలవుతుంది. ఈ నాలుగింటికీ నాలుగు దరఖాస్తులెందుకు? ఆశా కార్యకర్తో అంగన్‌వాడీ కార్యకర్తో ఇంటికి తెచ్చే ఒకే పత్రంలో మరణ నమోదు, అంత్యక్రియల సాయం, భార్య పింఛను, పాత పింఛను ముగింపు, రేషను కార్డులో మార్పు అన్నీ ఉంటే, సాయం కోసం పెట్టే సంతకంతోనే జాబితా సరిపోతుంది. ఆ పత్రం ఒక వైపు ఒడియాలో, మరో వైపు తెలుగులో అచ్చు వేయించడానికి పంచాయతీ తీర్మానం చాలు.